సాతవాహనుల తొలి ఇల్లు

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారి గురించి షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో నేను కొత్తగా చెప్పేదేముంటుంది? నా వ్యాసం అచ్చయినప్పుడల్లా అంచుల్లో ఎర్రసిరాతో ఆక్షేపణలు రాసి తిప్పి పంపేవారు. సాతవాహనుల తొలి ఇల్లు ఎక్కడన్న విషయంలో కడదాకా నా మాట ఒప్పుకోలేదు. ఆయనకు బాకీపడ్డ జవాబు ఈ రోజు చెబుతాను.

గౌతమీపుత్రుడి విజయాలు, హాలుడి గాథలు, అమరావతి స్తూపం మీకు తెలిసినవే. నా పేచీ మూలపురుషుడి దగ్గర. జున్నర్ దాపున నానేఘాట్ గుహలో రాజకుటుంబం బొమ్మలుండేవి. ఇప్పుడు పాదాల ఆనవాళ్లే మిగిలాయి. పైన చెక్కిన పేర్లలో మొదటిది రాయ సిముక సాతవాహనుడిది.

పురాణాలు ఈ వంశాన్ని ఆంధ్రులన్నాయి. వాళ్ల శాసనాల్లో ఆ మాట లేదు. దాంతో వాళ్ల తొలి ఇల్లు సుక్తంకర్ బళ్లారి అన్నారు, మిరాశీ విదర్భ అన్నారు. మనవాళ్లేమో కృష్ణాతీరపు శ్రీకాకుళమే రాజధానన్న విన్సెంట్ స్మిత్ మాట పట్టుకున్నారు. దానికీ గట్టి ఆధారం లేదు.

ఇక కోటిలింగాల. పూర్వపు కరీంనగర్ జిల్లాలో, గోదావరి ఒడ్డున దొరికిన నాణేలను పరబ్రహ్మశాస్త్రి గారు పరిశీలించారు. వాటి మీద బ్రాహ్మీ లిపిలో చిముక, అంటే సిముకుడి పేరుంది. నాణెం వర్తకుడి మూటలో ఎంత దూరమైనా పోతుందని మాస్టారి ఆక్షేపణ. ఒక్క నాణెమైతే ఒప్పుకుందును. కానీ అక్కడే గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే స్థానిక పాలకుల నాణేలూ దొరికాయి. వాళ్లున్న చోటే చిముకుడూ కనబడుతున్నాడు. ఇంతమంది కలిసి ఒక్క మూటలో రారు.

మరి గౌతమీపుత్రుడి తల్లి బాలశ్రీ నాసిక్ శాసనంలో, ఆయన దేశాల జాబితాలో ఆంధ్ర లేదే అంటారు. అస్మకం ఉంది, ములకం ఉంది. ములకానికి పైఠాన్ రాజధాని. అస్మకపు పౌదన్యపురం మన నిజామాబాద్ జిల్లా బోధన్ అని చాలామంది పండితుల మాట. రెండూ గోదావరి సీమలే. ఈనాటి రాష్ట్రాల సరిహద్దు ఆ నది మీద గీసి ఇటా అటా అని అడగడంలోనే తప్పుంది. ఇలాంటిదే ఆఫ్రికాలోనూ ఉంది. కాంగో రాజ్యాన్ని నిలబెట్టిన లుకేని లువా నిమి వంశం కాంగో నదికి ఉత్తరాన వుంగు నుంచి వచ్చిందని అక్కడి సంప్రదాయం. రాజధాని ఎంబాంజా కాంగో ఇప్పుడు అంగోలాలో ఉంది. ఆ జాతివారు మూడు దేశాల్లో ఉన్నారు. మన సీమలో సరుకులూ ఇలాగే ఎల్లలు దాటేవి.

పైఠాన్‌కు తూర్పున పది రోజుల ప్రయాణంలో తగర ఉందనీ, అక్కడి ముతక బట్టలు, సన్నబట్టలు భరుకచ్ఛం రేవుకు వెళ్లేవనీ గ్రీకు నావికుడి పెరిప్లస్ చెబుతుంది. ఆ తగర మన పక్క ధారాశివ్ జిల్లాలోని తేర్. నేతకు పేరుపడ్డ ఈ ప్రాంతానికి తెలంగాణ పద్మశాలీలు చాలా శతాబ్దాల తర్వాత వచ్చారు. ఆ రాకకు రాజులెవరూ శాసనం వేయించలేదు.

ఆ రాకను రాసిపెట్టడమే నేనిప్పుడు చేస్తున్న పని. కూనపులివారు పటం విప్పి మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెబుతారు. పద్మశాలీల గోత్రాలు వాళ్లకు కంఠస్థం. ఏ ఇంటిపేరు ఏ ఊరి నుంచి కదిలి షోలాపూర్ చేరిందో వరసగా రాసుకుంటున్నాను. ఒక్క ఇంటివాళ్ల జ్ఞాపకం చాలదు, నాలుగిళ్ల మాట కలవాలి. మీ ఇళ్లలో పటం కథ విన్న పెద్దలుంటే సభ అయ్యాక ఉండండి. పేర్లు, ఊర్లు ఇక్కడే రాసుకుంటాను.