సెలవులలో బండి తాళము

పరీక్షలు ముగిసినవి. పదవ తరగతి, ఇంటర్మీడియెటు పిల్లలు పుస్తకములు అటకమీద పెట్టి ఊపిరి పీల్చుకొను దినములివి. ఉద్దానములో జీడిపిక్కలు ఏరు కాలము. ఊరూర అమ్మవారి సంబరములు, పెండ్లిండ్లు. శుభలేఖలు పంచవలెను, పందిరికి తాళ్ళు తేవలెను, బస్సు దిగిన అత్తగారిని ఇంటికి చేర్చవలెను. ఎవరు వెళ్ళవలెను? సెలవులలో ఉన్న అబ్బాయి. దేనిపై? తండ్రి మోటారుసైకిలుపై.

కుర్రవాళ్ళ దుడుకుతనమును గురించి చాలామంది చెప్పినారు. నాకు వారిపై అంత కోపము లేదు. పదహారేండ్లకు వేగము రుచించుట సహజము. ఆ తాళము వాడు దొంగిలించలేదు. మనమే పిలిచి ఇచ్చినాము. "ఊళ్ళోకే కదా, ఇంతలో వచ్చేస్తాడు" అనుకొన్నాము. కనుక ఈ ప్రసంగము పెద్దలకే ఎక్కువ చెందును.

"ఊళ్ళోకే" అను మాటకు మన జిల్లాలో అర్థము వేరు. ఇచ్ఛాపురమునుండి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళము, రణస్థలముల మీదుగా చెన్నై, కలకత్తాలను కలుపు జాతీయ రహదారి పోవుచున్నది. పూర్వము దీనిది 5వ నంబరు, ఇప్పుడు 16. దారి విశాలమైనది; ఊళ్ళు మాత్రము ఉన్నచోటనే ఉన్నవి. చాలమందికి ఇల్లు ఇటు, పొలము అటు. డివైడరులో సందు దూరమున ఉన్నదని, పెట్రోలు కలిసివచ్చునని, రాంగు రూటులో బండి తోలుట పెద్దలే మొదలుపెట్టినారు. వెనుక కూర్చున్న పిల్లవాడు అది చూచి నేర్చుకొన్నాడు. అట్లు పోవువానికి ఎదురువచ్చునది టెక్కలి నీలి గ్రానైటు దిమ్మలు మోయు లారీ కావచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు కదులును. కన్ను ప్రమాదమును గుర్తించి, చేయి బ్రేకు నొక్కునంతలోనే ఆ దూరము గడచిపోవును. బండి ఆగుట ఆ తరువాతి మాట. ఫోనువంక ఒక్క చూపు చూచినను అంతే.

రాత్రివేళ సంగతి చెప్పనక్కరలేదు. 2012 నవంబరు 2న, ఇంకా తెల్లవారకముందే, విశాఖపట్టణములో పెండ్లికి పోయి తిరిగివచ్చుచున్న కేంద్ర మాజీ మంత్రి కింజరాపు ఎర్రన్నాయుడుగారు, రణస్థలము సమీపమున కారు ఆయిలు ట్యాంకరును ఢీకొనగా, దివంగతులైనారు. కారులో కూర్చున్నవారికే ఆ దారి అట్టిది. వెనుక ఇద్దరు స్నేహితులను ఎక్కించుకొని అర్ధరాత్రి సంబరమునుండి వచ్చు పిల్లవానిని తలచుకొనండి. హెల్మెట్టు ఉన్నను తలకుండదు, మోచేతికి వ్రేలాడుచుండును. మోచేతికి అంత రక్షణ ఎందుకో తెలియదు.

1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము గేర్ల బండి తోలుటకు 18 ఏండ్లు నిండవలెను. 2019 సవరణ బాధ్యతను సూటిగా పెద్దలపై పెట్టినది. మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికి లేక యజమానికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. అబ్బాయికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు లేదు. తమకు తెలియకుండ జరిగినదని రుజువుచేయు భారమును పెద్దలదే. ఆ బండి ఎవరికైన తగిలినచో, బీమా సంస్థ బాధితునికి చెల్లించిన సొమ్మును యజమాని వద్ద తిరిగి రాబట్టుకొనవచ్చును. అరయెకరము పొలమున్న ఇంట ఆ సొమ్ము ఎక్కడినుండి వచ్చును?

మన పల్లెలలో మరొక చిక్కు కలదు. తండ్రి హైదరాబాదుకో చెన్నైకో వలసపోయినాడు. ఇంటికి మగదిక్కు ఆ పదహారేండ్ల అబ్బాయే. నడిరేయి మామ్మకు ఆయాసము వచ్చినది. బండి వాకిట ఉన్నది. ఆ తల్లిని ఏమని తప్పుపట్టగలము? అయితే చీకటిలో, కంగారులో, రోగిని వెనుక కూర్చుండబెట్టుకొని పోవుట అన్నిటికంటె కష్టమైన ప్రయాణము. కొత్త చేతికి అది మొదటి పాఠము కారాదు. 108కి ఫోను చేసి ఊరిపేరు, గురుతులు చెప్పుట ఇంటిల్లిపాదికి తెలిసియుండవలెను. నమ్మకమైన ఆటోవాని నంబరు పగలే గోడమీద వ్రాసి ఉంచుకొనవలెను.

అబ్బాయికి 18 నిండిన తరువాత నేర్పించుటకు తొందర అక్కరలేదు. ముందు లెర్నరు లైసెన్సు. ఆరు నెలల గడువు ఉండును. 30 దినములైన తరువాత పరీక్షకు పోవచ్చును. ఈలోపల బండిపై ఎర్రని 'ఎల్' అక్షరము కనబడవలెను; వెనుక నేర్పువాడు తప్ప వేరొకరు కూర్చుండరాదు. మేనమామ కూతురి పెండ్లికైనను ఇందులో సడలింపు లేదు.