గర్భసంచి తీయించే ముందు



గర్భసంచిలో గడ్డ ఉన్నదనగానే సంచినే తీయించివేయడం మన ఇండ్లలో మామూలైపోయినది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏండ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ జరిగినవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9.

ఫైబ్రాయిడ్ క్యాన్సర్ కాదు. అలా మారడం బహు అరుదు. బాధపెట్టని చిన్న గడ్డకు చికిత్సే అక్కరలేదు. ముట్లు ఆగిన పిదప చాలావరకు అదే కుంచించుకుపోతుంది. రక్తస్రావానికి మందులున్నవి. సంచి లోపలికి పెరిగిన గడ్డను పొట్ట కోయకుండా హిస్టెరోస్కోపుతో, గోడలోని దానిని చిన్న రంధ్రాల గుండా లాపరోస్కోపుతో తీయవచ్చును. పారిస్ వైద్యులు 1995లో వెల్లడించిన ఎంబొలైజేషన్ మరొకటి: మణికట్టునుండో తొడ మొదటినుండో రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, గడ్డకు రక్తమందకుండా సూక్ష్మరేణువులతో అడ్డుకట్ట వేస్తారు. ఇంకా సంతానం కోరేవారు దీని విషయం వైద్యులతో ముందే చర్చించాలి. సంచి తీయక తప్పని సందర్భాలూ ఉంటవి, కాదనము.

హైటెక్ సిటీ మేడలో పనిచేసే ఇంజనీరమ్మకు ఇవన్నీ వివరించేవారుంటారు. ఆ మేడను తుడిచే మన చెల్లెలికో?

సమీరా కోహ్లీ కేసులో, పరీక్షకని మత్తిచ్చి తల్లి సమ్మతితో గర్భసంచి తొలగించడం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. సమ్మతి ఆ స్త్రీదే. భర్తది కాదు, అత్తగారిదీ కాదు. (మగవారూ వినాలి.) కాగితాన్ని ఉర్దూలోనో తెలుగులోనో చదివి వినిపించమనండి. గడ్డ ఎక్కడున్నది, ఎంతున్నది అని అడగండి. సందేహముంటే కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రిలో మరొకమారు చూపించండి. తోడు రావడానికి మేమున్నాము.