చెవులకు చలేసింది... ఫ్యాక్టరీ పెట్టేశాడు!



డిసెంబర్ నెల. పొద్దున్నే ఆరింటికి బండి తీశారు. చేతులు ఎలాగో తట్టుకుంటాయి. మరి చెవులు? కోసేస్తున్నట్టు ఉంటుంది కదా! అప్పుడు మనం ఏం చేస్తాం? "అబ్బా, ఏం చలిరా బాబూ" అనుకుంటాం, టీ కొట్టు దగ్గర ఆగుతాం. అంతే, అక్కడితో మర్చిపోతాం.

సరిగ్గా ఇదే ఇబ్బంది 1873లో ఒక కుర్రాడికి వచ్చింది. పేరు చెస్టర్ గ్రీన్‌వుడ్. వయసు పదిహేనేళ్లు. ఊరు అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డకట్టేస్తాయి. మనోడికి స్కేటింగ్ అంటే పిచ్చి. కానీ కాసేపటికే చెవులు మంట. పోనీ ఉన్ని కండువా చుట్టుకుందామంటే ఒకటే దురద!

ఏం చేశాడో తెలుసా? రెండు తీగ ముక్కలు గుండ్రంగా వంచి, వాటికి బొచ్చు గుడ్డ కుట్టిపెట్టమని వాళ్ల బామ్మని అడిగాడు. ఆవిడ కుట్టి ఇచ్చింది. అదే మొదటి మోడల్. ఖర్చు పెద్దగా లేదు.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ మొదటి మోడల్ సరిగ్గా పని చేయలేదు. తీగ వదులుగా ఉండి, చెవుల మీద నిలబడేది కాదు. అతను వదిలేయలేదు. తీగ తీసేసి, తల మీదుగా వచ్చే పల్చటి స్టీలు పట్టీ పెట్టాడు. చెవులకు గట్టిగా ఆనేలా, మడిచి జేబులో పెట్టుకునేలా మార్చాడు. 1877లో పేటెంట్ వచ్చింది. అప్పటికి అతని వయసు పద్దెనిమిదే!

ఆ పేటెంట్ పేరులో ఉన్న మాట ఏంటంటే, "ఇంప్రూవ్‌మెంట్". అంటే చెవులు కప్పుకునే వస్తువులు అంతకుముందే ఉన్నాయి. అతను వాటిని మెరుగుపరిచాడు, అంతే. "కొత్త ఐడియా రావట్లేదు బ్రో" అని కూర్చునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత సొంత ఊళ్లోనే ఫ్యాక్టరీ పెట్టాడు, ఊరివాళ్లకి పని దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు కూడా ఇతని ఇయర్ మఫ్సే వెళ్లాయి. 1977లో మెయిన్ రాష్ట్రం డిసెంబర్ 21ని చెస్టర్ గ్రీన్‌వుడ్ డేగా ప్రకటించింది.

సరే, మరి మన సంగతి? ఈ వారం ఒక పని చేయండి. బయట తిరిగేటప్పుడు చిరాకు వచ్చిన ప్రతిసారీ ఫోన్‌లో ఒక లైన్ రాసుకోండి. వానలో తడిసిన బండి సీటు, బస్టాప్‌లో ఎండ, ఏదైనా సరే. వారం తర్వాత ఎక్కువసార్లు వచ్చినదాన్ని పట్టుకోండి. ఇంట్లో ఉన్నవాటితోనే ఒకటి తయారుచేసి, ముందు మీరే వాడి చూడండి. బాగోకపోతే మార్చండి. తర్వాత పదిమందికి చూపించండి. కానీ ఒక్క మాట: "సూపర్ ఉంది" అన్నవాడు కస్టమర్ కాదు. జేబులోంచి డబ్బు తీసినవాడే కస్టమర్.

ప్రతి చిరాకూ బిజినెస్ అవ్వదు, నిజమే. కానీ తిట్టుకుని వదిలేసిన చిరాకు మాత్రం ఎప్పటికీ అవ్వదు.

మీ లిస్టులో మొదటి లైన్ ఈరోజే రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై!