ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి?



ఈ స్నాతకోత్సవాన్ని ఫోన్లలో రికార్డు చేస్తున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ వీడియో క్షణాల్లో ఊరు చేరడం వెనుక ఒక తెలుగు పేరుంది: కమిశెట్టి రామమోహనరావు. 1952లో గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో పట్టభద్రుడైన ఆయన 1966 నుంచి ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశారు. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి.నటరాజన్‌లతో కలిసి 1974 జనవరిలో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే లెక్క మీద పేపరు వెలువరించారు. నాలుగంటే నాలుగు పేజీలు! ఆలోచన అహ్మద్‌ది. 1972లో ఆయన నిధులడిగితే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. మరీ తేలిగ్గా ఉందని ఒక సమీక్షకుడు తేల్చేశాడట. ఆ తేలికైన లెక్కే బొమ్మలను కుదించే జేపెగ్‌కు, వీడియోలను కుదించే ఎంపెగ్‌కు ఆధారమైంది.

జేపెగ్‌లో బొమ్మను ఎనిమిదేసి చుక్కల చదరపు గళ్లుగా విడగొడతారు. గడిలోని 64 చుక్కల వెలుగు మరో 64 సంఖ్యలుగా మారుతుంది. మొదటిది గడి సగటు వెలుగు. చివరికి వెళ్లేకొద్దీ సన్నటి గీతలు, అంచుల లెక్క. ఇంతవరకు పోయేదేమీ లేదు. కోత పడేది తర్వాతి మెట్టులో, క్వాంటైజేషన్‌లో. చివరి సంఖ్యలను పెద్ద విలువలతో భాగించి సవరిస్తే చాలావరకు సున్నాలే మిగులుతాయి. బొటానికల్ గార్డెన్ మీది ఆకాశమైతే మొదటి సంఖ్య ఒక్కటి మిగిలినా కంటికి తేడా తెలియదు. అదే గడిలో కొత్తగూడ ఫ్లైఓవర్ మీద పోతున్న బండి నంబర్ ప్లేటు పడితే? 3కీ 8కీ తేడా చెప్పేవి ఆ పారేసిన సంఖ్యలే.

రావు తరం లెక్క వేసింది మనిషి కన్నుకు. ఇప్పుడు కెమెరా వెనుక చాలాచోట్ల చూసేది కంప్యూటరే. దానికి ఆకాశం నునుపుతో పనిలేదు, అంచులు కావాలి. యంత్రాల కోసమే వీడియోను కుదించే ప్రమాణం మీద ఎంపెగ్ బృందం 2019లో పని మొదలుపెట్టింది.

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో సి.వి.జవహర్ బృందం 2022లో వీడియోను కుదించడానికి ఇంకో దారి చూపింది. వీడియో కాల్‌లో అప్పుడప్పుడే పూర్తి ఫ్రేము పంపుతారు. మధ్యలో వెళ్లేవి ముఖం మీది కొన్ని బిందువుల కదలికలే. మిగతా ముఖాన్ని అవతలి కంప్యూటర్ గీసుకుంటుంది. ముచ్చట్లకు ఇది బ్రహ్మాండం. అయితే వీడియో కాల్‌లోనే ఖాతాదారును గుర్తించడానికి రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో అనుమతిచ్చింది. అలాంటి కాల్‌లో అధికారి చూసే ముఖంలో కెమెరా పట్టిందెంత, యంత్రం గీసిందెంత అన్నది ఈ హాల్లో కూర్చున్న కొందరు రాయబోయే కోడ్ మీద ఆధారపడి ఉంటుంది.