మన బడిని దేనితో పోల్చుదాం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున గేటు దగ్గర చాయ్ తాగుతుంటే నా పాత బెంచీ మిత్రుడొకడు భుజం మీద చెయ్యేసి అన్నాడు: "మన బడి పాడైపోయిందిరా. ఎక్కడో నిర్మల్ ఫస్టొస్తది. ఎకరం వంద కోట్లు పలికే చోట ఉండి మనకేం రోగం?" నలుగురూ తలూపారు. మధ్యాహ్నం కార్యవర్గం స్వర్ణోత్సవ నిధిని దేనికి ఖర్చు పెట్టాలో తేల్చబోతున్నది. అందుకని పాత ముచ్చట్లు సాయంత్రానికి వదిలి ఆ ప్రశ్నకే నాకు తెలిసిన జవాబు చెబుతాను. ముప్పై అయిదేళ్లు సర్కారు బడుల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. చివరి కొన్నేళ్లు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశాను.

మిత్రుడు చెప్పిన మాట నిజమే. 2024 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్ర ఉత్తీర్ణత 91.31 శాతం. నిర్మల్ 99.05 శాతంతో మొదటి స్థానం. 65.10 శాతంతో ఆఖరి స్థానం వికారాబాద్‌ది. 2025లో రాష్ట్రం 92.78కి పెరిగింది, మహబూబాబాద్ 99.29తో మొదట నిలిచింది, వికారాబాద్ మళ్లీ ఆఖరునే ఉన్నది.

ఆ వికారాబాద్ పరాయిది కాదు. మనం చదువుకునేటప్పుడు పుప్పాలగూడ హైదరాబాదు జిల్లాలో ఉండేది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడితే వికారాబాద్, తాండూరు, పరిగి మనతో పాటే అందులోకి వచ్చాయి. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పుడు అవి వేరయ్యాయి. నేను ఎక్కువ కాలం పనిచేసింది ఆ పడమటి మండలాల్లోనే. విడిపోకముందు, 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రంగారెడ్డి జిల్లా అక్షరాస్యత 75.87 శాతం. రాష్ట్ర సగటు అరవై ఆరున్నర. చూసేవాళ్లకు మనది ముందున్న జిల్లా. కానీ ఆ ఒక్క అంకెలో కూకట్‌పల్లి అపార్టుమెంటూ ఉంది, తాండూరు నాపరాళ్ల గనిలో పనిచేసే కుటుంబమూ ఉంది. గీత గీసి విడదీసిన తరువాత ఒకవైపు రాష్ట్రంలోనే తలసరి ఆదాయం ఎక్కువున్న జిల్లా తేలింది, ఇంకోవైపు ఫలితాల్లో ఆఖరి జిల్లా తేలింది. పిల్లలు మారలేదు. సగటు కింద దాగినది బయటపడ్డదంతే.

అయితే పేదరికమే కారణమని చేతులు దులుపుకుందామా? అదీ కుదరదు. నిర్మల్ వచ్చింది పాత ఆదిలాబాద్ నుంచి. 2011లో ఆదిలాబాద్ అక్షరాస్యత 61 శాతం, మనకన్నా దాదాపు పదిహేను పాయింట్లు తక్కువ. మహబూబాబాద్‌లో గిరిజన జనాభా ఎక్కువ. తల్లిదండ్రులకు చదువు లేదు కాబట్టి పిల్లలకు రాదు అనే ఉపాధ్యాయుడికి ఈ రెండు జిల్లాల పేర్లు చెబితే చాలు. నేనూ ఒకప్పుడు ఆ మాట అన్నవాణ్ణే.

ఇక మన బడి సంగతి. మన కాలంలో పటేలు కొడుకూ, జీతగాడి కొడుకూ ఇక్కడే ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఇంకో బడి లేదు మరి. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. ఆ తరువాత గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట ఎలా పెరిగాయో మీ కళ్లముందే జరిగింది. 2023లో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. భూములమ్మిన మన ఇళ్ల పిల్లలు ప్రైవేటు బడులకు పోయారు. నా మనవరాలూ అక్కడే చదువుతున్నది, దాచడం దేనికి? రాష్ట్రంలో సగానికి పైగా పిల్లలు ఇప్పుడు ప్రైవేటు బడుల్లోనే ఉన్నారు.

మరి మన బెంచీల మీద ఇవాళ ఎవరున్నారు? పోయిన నెల ఎనిమిదో తరగతిలో కూర్చుని చూశాను. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీల పిల్లలు, అపార్టుమెంట్ల వాచ్‌మన్ల పిల్లలు, ఇళ్లల్లో పనిచేసే తల్లుల పిల్లలు, ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చినవాళ్లు. ఒక అమ్మాయి ఇంట్లో ఒడియా, గుడిసెల దగ్గర హిందీ మాట్లాడుతుంది, బడిలో ఇంగ్లీషు మీడియం పుస్తకం చదువుతుంది, టీచరమ్మ తెలుగులో వివరిస్తే వింటుంది. తండ్రి పనిచేసే టవరు పూర్తయితే ఆ కుటుంబం ఇంకో చోటికి పోతుంది. ఏడాది మధ్యలో వచ్చి ఏడాది మధ్యలోనే వెళ్లిపోయే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. ఖరీదైన నేల మీదున్న బడి కాబట్టి ఇందులో పిల్లలూ కలిగినవాళ్లే అనుకుంటే పొరపాటు.

అందుకే ఈ బడిని నిర్మల్‌తోనో, పక్కనున్న ఇంటర్నేషనల్ స్కూలుతోనో, ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే గురుకులంతోనో పోల్చితే ఏమీ తెలియదు. ఇలాంటి పిల్లలే ఉన్న ఇంకో బడితో పోల్చాలి. చేరిన రోజు పిల్లకు ఏం వచ్చు, వెళ్లే రోజు ఏం వచ్చు అని పోల్చాలి.

ఇప్పుడొక చిన్న లెక్క. ఒక బడిలో ఆరో తరగతిలో అరవై మంది చేరారనుకోండి. నలభై మంది పదో తరగతి పరీక్ష రాశారు, ముప్పై ఎనిమిది మంది పాసయ్యారు. పేపర్లో 95 శాతం. ఇంకో బడిలో యాభై రెండు మంది చేరారు, యాభై మంది రాశారు, నలభై ఒక్కరు పాసయ్యారు. పేపర్లో 82 శాతం. చేరినవాళ్లను బట్టి లెక్కేస్తే మొదటిది 63, రెండోది దాదాపు 79. మీ పిల్లను ఏ బడికి పంపుతారు?

ఈ లెక్క నేను పుస్తకంలో నేర్చుకోలేదు. నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న ఒక బడిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. తండ్రి రాళ్లు కొట్టేవాడు. పిల్లవాడికి లెక్కలు రావు, చదవడమూ అంతంతే. వందశాతం తెమ్మని పైనుంచి ఒత్తిడి. తండ్రిని పిలిచి, "ఈ ఏడు వద్దు, వచ్చే ఏడు రాయిద్దాం" అన్నాను. ఆయన నాకు దండం పెట్టి, "మీరెట్లంటే అట్ల సారూ" అన్నాడు. ఆ ఏడు మాకు వందశాతం వచ్చింది. శాలువా కప్పారు, ఫొటో పేపర్లో పడ్డది. వచ్చే ఏడు ఆ పిల్లవాడు రాలేదు. మనిషిని పంపితే కుటుంబం పనికోసం పట్నం పోయిందని తెలిసింది. ఆ శాలువా ఇప్పటికీ మా ఇంట్లో బీరువాలో ఉన్నది. నేను దాన్ని కప్పుకోలేదు.

ఆ పిల్లవాడికి అన్నదమ్ములవంటివాళ్లు ఇవాళ మన బడిలో ఉన్నారు. మనం ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకే నగదు బహుమతులు పెడితే, వందశాతం తెస్తేనే నిధి ఇస్తామంటే, నేను చేసిన తప్పునే ఇంకొక ప్రధానోపాధ్యాయుడి చేత చేయించినవాళ్లమవుతాం.

కాబట్టి కార్యవర్గానికి మూడు విన్నపాలు. ఒకటి, కమాను కట్టే డబ్బుతో ఇద్దరు యువతీయువకులకు జీతమిచ్చి, ఆరు, ఏడు తరగతుల్లో చదవడం రాని పిల్లలకు సాయంత్రం గంటన్నర చదువు చెప్పిద్దాం. ఒకరికి హిందీ బాగా రావాలి. రెండు, టీసీ లేదని వెనక్కి పోయే పిల్లలు ఉండకుండా చూద్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించకూడదు, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ఇది పద్నాలుగేళ్ల లోపు పిల్లల హక్కు. గుడిసెల దగ్గరికి వెళ్లి ఈ సంగతి చెప్పేవాళ్లు కావాలి. రిటైరైనవాళ్లం చాలామందిమి ఉన్నాం. మూడు, ప్రతి ఏడు వార్షిక సభలో ఒక రిజిస్టరు చదువుదాం. ఆరో తరగతిలో ఎంతమంది చేరారు, మధ్యలో ఎవరు వెళ్లిపోయారు, ఎక్కడికి వెళ్లారు, పది దాకా ఎంతమంది వచ్చారు. ఉత్తీర్ణత శాతం ఆ తరువాత చదువుదాం.

పొద్దున మాట్లాడిన నా మిత్రుడికి ఒక మాట. బడి పాడైందో లేదో గేటు దగ్గర తేలదు. రేపు సోమవారం ఎనిమిదో తరగతికి నాతో రారా. ఒడిశా అమ్మాయి భిన్నాలు బాగా చేస్తుంది. నువ్వు లెక్కల్లో ఎన్నిసార్లు తప్పావో ఆమెకు చెప్పనులే.