కయ్యలో నుండి లేచే వాయువును కొలుచుట
(రైతు శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



నాట్లు వేసిన నెల దినములకు కలుపు తీయుటకై కయ్యలో దిగినప్పుడు, కాలు పెట్టిన చోటనెల్ల బుడబుడమని బుడగలు లేచుట మీరందరును చూచినదే. ఆ బుడగలలో మీథేన్ అను వాయువు ఉన్నది. గోబరు గ్యాసు పొయ్యిలో మండునదియు ఇదియే. నీరు నిలిచిన మట్టిలోనికి గాలి చొరదు. గాలి లేని చోట బ్రతికెడి సూక్ష్మజీవులు పచ్చిరొట్టను, దిబ్బ ఎరువును, దున్నిన కొయ్యకాళ్లను కుళ్లబెట్టునప్పుడు ఈ వాయువు పుట్టును. నూరేండ్ల లెక్కన చూచిన, ఒక కిలో మీథేన్ సుమారు 28 కిలోల బొగ్గుపులుసు వాయువు చేసినంత వేడిని భూమికి చేయును.

"పుట్టిన పుట్టనిండు, దానిని కొలుచుట మనకేల?" అని మీరడుగవచ్చును. ఒక సంగతి చెప్పెదను. 1991కి ముందు, మన దేశపు వరి మళ్ల నుండి ఏటా 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేన్ వెలువడుచున్నదని అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ అంచనా వేసినది. ఆ అంకె మన మళ్లలో కొలిచి చెప్పినది కాదు. విదేశములలోని మళ్ల కొలతలను మన దేశపు విస్తీర్ణముతో హెచ్చవేసి చెప్పినది. 1991లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల తరఫున ఎ.పి. మిత్రా గారి నాయకత్వమున మన శాస్త్రజ్ఞులు దేశములోని పలు చోట్ల కయ్యలలో పెట్టెలు పెట్టి కొలిచిరి. లెక్క సుమారు 40 లక్షల టన్నులని తేలినది. అనగా తొమ్మిదింట ఒక వంతు! కొలువకయే ఊరకున్నచో ఆ నింద మొత్తము వరి రైతు నెత్తిన పడి యుండెడిది.

ఇప్పుడు వేరొక అవసరమును వచ్చినది. నీరు తగ్గించి వరి పండించిన కార్బన్ క్రెడిట్ సొమ్ము ఇప్పింతుమని కొందరు కాగితములు పట్టుకొని ఊళ్లకు వచ్చుచున్నారు. వారు చెప్పు అంకె నమ్మదగినదో కాదో తెలియవలెనన్న, కొలత ఎట్లు చేయుదురో మీకు తెలిసి యుండవలెను.

కొలిచెడి పరికరము చాల సాదా. గాజు వలె కనబడు ప్లాస్టిక్ రేకుతో చేసిన, అడుగు లేని పెట్టె. ఒక మీటరు ఎత్తు, అర మీటరు పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉండును. నాట్లు అయిన వెంటనే దానికి తగిన చట్రమును మట్టిలో దిగవేసి, పంట కోయువరకు కదల్పక ఉంచవలెను. చట్రపు అంచున గాడి ఉండును. అందులో నీరు పోసి పెట్టెను నిలిపిన, లోని గాలి బయటకు పోదు. పెట్టె లోపల చిన్న విసనకర్ర గాలిని కలుపుచుండును. మూసిన క్షణమున ఒకమారు, పావుగంటకు ఒకమారు, అరగంటకు ఒకమారు సిరంజితో గాలి తీసి, ప్రయోగశాలలో గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ అను యంత్రమునకు ఇత్తురు. పెట్టెలో వరి కుదుళ్లు తప్పక ఉండవలెను. ఏలయన మీథేన్‌లో అధిక భాగము బుడగలుగా గాక, వరి వేరు నుండి కాడలోని బోలు గుండా పైకి పోవును. కుదుళ్ల నడుమ ఖాళీలో పెట్టె పెట్టిన వాడు తక్కువ లెక్క తెచ్చును.

ఎక్కువ లెక్క తెచ్చుటయు అంతే సులభము. నేను మొదట ఈ పని నేర్చుకొనునాళ్లలో ఒక చెరువు క్రింది కయ్యలో పెట్టె పెట్టి, సిరంజి అందలేదని ఒక్క అడుగు ముందుకు వేసితిని. పెట్టె లోపల బుడగలు జలజల లేచినవి. గట్టున కూర్చున్న పెద్దాయన, "ఏం సారూ, మీరు తొక్కితే వచ్చిన గాలి కూడా నా కయ్య లెక్కలోనే రాస్తారా?" అనెను. ఆ దినపు కొలత పారవేసితిని. అప్పటినుండి గట్టు మీది నుండి పెట్టె వరకు పలక వేయనిదే కయ్యలోనికి పోలేదు.

ఇక లెక్క. బయటి గాలిలో మీథేన్ కోటి పాళ్లకు 19 పాళ్లుండును. పెట్టెలో అరగంటకు అది 49 పాళ్లు అయినదనుకొందము. మీటరు ఎత్తు పెట్టెకు అది గంటకు, చదరపు మీటరుకు సుమారు 4 మిల్లీగ్రాములగును. ఎకరమునకు దినమునకు 380 గ్రాములు. నూరు దినముల పంటకు 38 కిలోలు. 28తో హెచ్చవేసిన టన్ను పైచిలుకు బొగ్గుపులుసు వాయువుతో సమానము. అయితే ఒక్క దినపు కొలతను నూరు దినములకు హెచ్చవేయుట తప్పు. వారమునకు ఒకమారైనను, ఎరువు వేసిన పిమ్మటను, నీరు తీసిన పిమ్మటను కొలువవలెను. నీరు తీసి మట్టి నెర్రెలు విచ్చునప్పుడు లోపల చిక్కియున్న వాయువు ఒక్కసారిగా బయటపడును. ఆ రెండు మూడు దినములు వదలిన వాని లెక్క కుంటిది. ఒక కయ్య కొలత వేరొక కయ్యకు చెల్లదు. బరువు నేలయు, పచ్చిరొట్ట విరివిగా తొక్కిన కయ్యయు ఎక్కువ ఇచ్చును. ఎర్ర గరప నేల తక్కువ ఇచ్చును. అయినను ఈ లెక్క మీకొక గజము బద్ద వంటిది. టన్ను వెలువడు కయ్యలో నాలుగు టన్నులు ఆదా చేయింతునని ఎవరైన చెప్పిన, "ఏ కయ్యలో, ఎన్నిమార్లు కొలిచితిరి?" అని అడుగుడు.

ఒక్క వాయువునే కొలిచిన ఎట్లు మోసపోవుదుమో ఫిన్లాండు దేశము చూచి తెలుసుకొనవచ్చును. అచ్చట పీట్ అను నేల విస్తారముగ ఉన్నది. అది వేల ఏండ్లుగా నీట నాని, పూర్తిగా కుళ్లక పేరుకొన్న నాచు, ఆకు, వేళ్ల మేట. మనవైపు అట్టిది లేదు గాని, కేరళలోని కుట్టనాడు కరి నేలలు దానికి చుట్టములు. కలప చెట్లు బాగుగ పెరుగవలెనని ఫిన్లాండు వారు, ముఖ్యముగ 1960, 70ల ప్రాంతమున, ఆ నేలలలో లక్షల హెక్టార్ల మేర కాలువలు త్రవ్వి నీరు తీసిరి. నీరు దిగినంత మీథేన్ తగ్గినది. కాని గాలి సోకిన ఆ మేట కుళ్లి, బొగ్గుపులుసు వాయువుగా మారి పోవుట మొదలైనది. అక్కడి కొలత మనదానికన్న చిక్కు. చెట్ల వేళ్లు విడుచు ఊపిరియు పెట్టెలోనే చేరును గనుక, చుట్టును గాడి త్రవ్వి వేళ్లు తెగకోసి, కొన్ని నెలలు ఆగి కొలుచుదురు.

మన ఎర్రనేలలలో అంతటి మేట లేదు కనుక ఆ భయము మనకు తక్కువ. మన చిక్కు యూరియా. ఎక్కువ యూరియా వేసిన కయ్య ఆరుచు తడియుచు ఉన్నప్పుడు నైట్రస్ ఆక్సైడ్ అను మరియొక వాయువు లేచును. అది కిలో పోయిన, బొగ్గుపులుసు వాయువు 273 కిలోలు పోయినట్లే. కావున ఆరుతడి వేయువారు యూరియాను ఒక్కమారే కుమ్మరింపక మూడు దఫాలుగా వేయవలెను. కొలుచువారు మీథేన్‌తో పాటు దీనిని కూడ కొలిచిరా అని అడుగవలెను.

ఆరుతడి పద్ధతి బోరు క్రింద సాధ్యము. తూము తీసినప్పుడే అందరికిని నీరు వచ్చు చెరువు ఆయకట్టులో ఒంటరిగా సాగదు. అడుగు పొడవు, అరచేతి వెడల్పున్న పి.వి.సి. గొట్టమునకు సగము వరకు బెజ్జములు పెట్టి, ఆ సగము భూమిలో ఉండునట్లు గట్టు దగ్గర దిగవేసి, లోని మట్టి తీయుడు. గొట్టములో నీరు నేల మట్టమునకు 6 అంగుళములు దిగిన పిమ్మట 2 అంగుళముల మేర తడి ఇయ్యుడు. నాట్లైన మొదటి పక్షమును, వెన్ను తీసి పూత పట్టు దినములును కయ్యను ఆరనీయరాదు. ఇట్లు చేసిన మీథేన్ ఇంచుమించు సగము తగ్గునని పలు దేశముల కొలతలు చెప్పుచున్నవి. మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు పెట్టినవారు మొదట దానిని తీసివేయుడు. కరెంటు వచ్చినప్పుడెల్ల నీరు పారు కయ్యలో గొట్టము పెట్టియు ప్రయోజనము లేదు.

తడి ఇచ్చిన తేదీ, గొట్టములోని నీటి మట్టము, యూరియా వేసిన దినము ఒక పుస్తకమున వ్రాసి ఉంచుకొనుడు. కొలుచువాడు వారమునకొకమారే వచ్చును. మిగిలిన దినముల సంగతి మీ పుస్తకమే చెప్పవలెను. పెట్టె, చట్రము, సిరంజి బయట చెట్టు క్రింద ఉంచినాము. భోజనములైన పిమ్మట ప్రక్క కయ్యలో పెట్టి చూపెదము. పలక మాత్రము ఒక్కటే ఉన్నది, ఒకరి తరువాత ఒకరు రావలెను.