పైపు ఎవరిది? ఖర్చు ఎవరిది?

(విజయవాడ కొండ పేటల జనమూ, డెల్టా పల్లెల నుంచి వచ్చిన మిత్రులూ కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మనం మాట్లాడుకోబోయేది నీళ్ల పైపుల గురించి. దళిత సభలో పైపుల గోలేంటని కొందరు మిత్రులకు అనిపించొచ్చు. ఉద్యమం అంటే భూమి, రిజర్వేషను, అత్యాచారాల కేసులు అని మనకు అలవాటైపోయింది. మరి కారంచేడు ఎక్కడ రాజుకుంది? మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర. మేం తాగే నీళ్లలో గేదెల కుడితి బకెట్లు కడగొద్దని నోరు తెరిచి చెప్పినందుకు, కొట్టబోతే మున్నంగి సువార్త బిందె అడ్డం ఎత్తినందుకు, మర్నాడు, అంటే 1985 జూలై 17న, పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. నీళ్ల సంగతి మనకు చిన్న సంగతి ఎప్పుడూ కాలేదు.

మహద్ సంగతి కూడా ఓసారి గుర్తు చేసుకుందాం. చౌదార్ చెరువు అందరికీ తెరుస్తున్నామని అక్కడి మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం రాసుకుంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని వెళ్లి దోసిలి పట్టేదాకా ఆ తీర్మానం కాగితం మీదే ఉంది. కాగితానికీ నోటికీ మధ్య ఉన్న ఆ దూరం ఇవాళ మన పేటల్లో పైపు రూపంలో ఉంది. దాన్ని అడుగుల్లో కొలవొచ్చు. కొలుద్దాం.

నిబంధన ఏం చెబుతుంది? మెయిను లైను ప్రభుత్వానిది. మెయినుకు ఫెర్రూలు కొట్టిన చోటు నుంచి ఇంట్లో కుళాయి దాకా ఉన్న పైపు ఇంటివాడిది. వేసుకోవాల్సిందీ, పాడైతే మార్చుకోవాల్సిందీ ఇంటివాడే. వినడానికి న్యాయంగానే ఉంది, అందరికీ ఒకటే రూలు కదా అంటారు. కానీ ప్లాను గీసి వేసిన కాలనీలో మెయిను గేటు ముందు నుంచే పోతుంది. అక్కడ ఇంటివాడి వాటా ఆరడుగులో పదడుగులో. కొండ మీదకొచ్చేసరికి మెయిను మెట్ల కిందో, సగం మెట్ల దగ్గరో ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఇంటికి అరవై అడుగులు, వంద అడుగులు, ఇంకా పైనున్నవాళ్లకు నూటయాభై. కాలవ గట్ల మీద ఉన్నవాళ్ల సంగతీ అంతే. రూలు ఒకటే, ఖర్చు మాత్రం పదింతలు. కులం పేరు ఎత్తకుండా కులం పని చేయడమంటే ఇదే.

మన కొండ మెట్ల పక్కన చూడండి. సైడు కాలవలో జడలు అల్లినట్టు పది పదిహేను జీఐ పైపులు పక్కపక్కనే పడుంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో ఇంటిది. ఎవరి డబ్బుతో వాళ్లు, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వేసుకున్నవి. పైపు పోవడానికి వేరే దారి లేదు, కాలవలోంచే పోవాలి. వాడిన నీళ్లు, దొడ్ల నీళ్లు దాని మీదగా పారతాయి. జీఐకి పైన పూసిన జింకు కొన్నేళ్లు కాస్తుంది. తర్వాత తుప్పు మొదలవుతుంది. మరలు కోసిన చోట గోడ పల్చన కాబట్టి చిల్లు ముందు అక్కడే పడుతుంది.

చిల్లు పడితే నీళ్లు బయటికి కారతాయి గానీ లోపలికి మురుగు ఎలా వస్తుందని అడిగేవాళ్లున్నారు. నీళ్లు వదిలినంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది, అప్పుడు చిల్లులోంచి బయటికే కారుతుంది. మన దగ్గర నీళ్లు పూటా పూటా వదిలి కట్టేస్తారు. కట్టేయగానే పైనున్న నీళ్లు కిందికి జారతాయి, పైపులో వెలితి పుడుతుంది. ఆ వెలితి కాలవలో నీళ్లను చిల్లులోంచి లోపలికి పీల్చుకుంటుంది. ఇక నీళ్లు రావడం లేదని ఎవరైనా పైపుకే మోటారు తగిలించి లాగితే చెప్పక్కర్లేదు, పక్కింటి చిల్లులోంచి కూడా మురుగు లాగుతుంది. మర్నాడు పొద్దున మొదటి బిందెలో వచ్చేది అదే.

2024 మే నెలాఖరులో మొగల్రాజపురంలో వాంతులు, విరేచనాలు ప్రబలాయి. మనుషులు పోయారు. అదే ఏడు సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో నానాయి. 2025 సెప్టెంబరులో న్యూ రాజరాజేశ్వరిపేటలో మళ్లీ విరేచనాలు. ప్రతిసారీ ఒకటే వాదన నడుస్తుంది: నీళ్ల వల్లా, తిండి వల్లా, వేరే జబ్బు వల్లా అని. ఆ వాదన తేలేలోపు పేట జనానికి దొరికే సలహా ఒకటే ఉంటుంది, ‘మీ ఇంటి పైపులు పాడైపోయాయి, మార్చుకోండి’. మార్చుకుందాం. కానీ పాడైంది ఎవరి పైపో ముందు తేలాలిగా!

దానికి ఇంజనీరు అక్కర్లేదు, లెక్క చాలు. అరంగుళం పైపు అరవై అడుగుల పొడవున్నా అందులో పట్టేది మూడున్నర లీటర్ల నీళ్లు. మోటారు పెట్టకుండా, నీళ్లు వదలగానే మొదటి గ్లాసు పట్టి పక్కన పెట్టండి. తర్వాత ఒక బకెట్టు నిండా పారబోయండి. పదిహేను లీటర్లు పోతే మన పైపులో రాత్రంతా నిలిచిన నీళ్లు నాలుగుసార్లు పోయినట్టే. అప్పుడు రెండో గ్లాసు పట్టండి. మొదటిది కంపు కొట్టి రెండోది తేటగా ఉంటే తప్పు మన పైపులో ఉంది. రెండూ కంపు కొడితే మురుగు మెయినులోనే ఉన్నట్టు. అదే మెయిను మీదున్న నాలుగిళ్లలో ఒకే పూట ఇలా పట్టండి, తేదీ, టైము రాయండి. క్లోరోస్కోపు తెచ్చిన ఉద్యోగి చేత కింది కుళాయి దగ్గరా, మెట్ల చివరి కుళాయి దగ్గరా రెండుచోట్లా చూపించండి. కుళాయి దగ్గర క్లోరిను లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలుండాలని ప్రమాణం. కింద ఉండి పైన లేకపోతే దారిలో ఏదో దాన్ని తినేస్తున్నట్టు. తేటగా ఉన్న నీళ్లన్నీ మంచివని అనుకోవద్దు. ఈ పరీక్ష తప్పు ఎటున్నదో చూపించడానికే, తాగేవి కాచుకునే తాగాలి.

ఇక మార్చుకునే పని. ఖర్చు దగ్గర అబద్ధం చెప్పుకోవద్దు. అరవై అడుగుల దూరానికి ఇరవై అడుగుల లెంగ్తులు మూడు, ఎల్బోలు, యూనియను, గేటు వాల్వు, కుళాయి, ఫెర్రూలు. ప్లంబరుకు రోజు కూలి వెయ్యి రూపాయల అటూ ఇటూ, హెల్పరుకు అందులో మూడొంతుల్లో రెండు వంతులు. కాలవ పక్క తవ్వకం, గోడ కటింగు, మళ్లీ సిమెంటు పూత. కంపెనీని బట్టి, కొట్టుని బట్టి మారుతుంది గానీ, రోడ్డు తవ్వకం ఫీజు కాకుండానే ఆరేడు వేల దగ్గర తేలుతుంది. అడ్డా మీద నిలబడి నెలకు పదిహేను రోజులు పని దొరికేవాడికి అది సగం నెల తిండి. అందుకే చిల్లు పడ్డ చోట సైకిలు ట్యూబు చుట్టి బతుకుతున్నాం. అది అజ్ఞానం కాదు, లేమి.

చేయించేటప్పుడు కొన్ని చూసుకోవాలి. జీఐ తీసుకుంటే పసుపు గీత ఉన్నది పల్చన, నీలం గీతది మధ్యరకం, ఎర్ర గీతది దళసరి. నీలానికి డబ్బు తీసుకుని పసుపు బిగించే ఘనులున్నారు. మధ్యరకం అరంగుళం మీటరుకు కిలో పావు దాకా తూగుతుంది, అనుమానమొస్తే తూకం వేయించండి. మెట్ల మీద ఎండలో, కాళ్ల కింద పడి ఉండే చోట మామూలు పీవీసీ కొన్నాళ్లకు పెళుసెక్కి పగులుతుంది, అక్కడ జీఐయే నయం. కాలవ దాటే చోట మాత్రం హెచ్‌డీపీఈ చుట్ట పైపు వేయండి. అతుకు లేకుండా ఒకే ముక్క దాటాలి, దాన్ని ఇంకో పెద్ద పైపులో దూర్చి, మురుగు పారే మట్టానికి పైగా ఎత్తి కట్టాలి. అతుకు కాలవలో పడితే మార్చీ మార్చనట్టే. గోడ లోపల సీపీవీసీ వేస్తే సొల్యూషను ఆరేదాకా నీళ్లు వదలొద్దు, ప్లంబరు తొందరపడినా మనం తొందరపడొద్దు. గుంట పూడ్చకముందే కుళాయిలన్నీ కట్టేసి, నీళ్లు వదిలే టైములో ప్రతి అతుకునూ చేత్తో తడిమి చూడాలి. ఆఖర్న పైపును కడగాలి: వంద లీటర్ల నీళ్లకు పదిహేను గ్రాముల తాజా బ్లీచింగు పౌడరు కలిపి, పేరుకున్న తేట పైపులో నింపి ఒక పగలూ రాత్రీ ఉంచి, పారబోసి, వాసన పోయేదాకా మంచినీళ్లు వదలాలి. ఆ నీళ్లు పిల్లలు నోట పెట్టకుండా చూసుకోండి.

పాత పైపు మేస్త్రీ తీసుకుపోతాడు, ఎవరూ అడగరు. అరవై అడుగుల జీఐ కొత్తగా ఉన్నప్పుడు ఇరవై రెండు కిలోలు. తుప్పు తిన్నది పోనూ ఎంతో కొంత ఉంటుంది. పాత ఇనప సామాను కొట్టులో అమ్మితే కనీసం ఒక గేటు వాల్వు డబ్బులు వస్తాయి. ఆ ఇనుము మన కూలి డబ్బు. వదలొద్దు.

ఇదంతా ఎవరికి వాళ్లం చేసుకుంటే జరిగేదేంటి? మళ్లీ అదే కాలవలో పదిహేను కొత్త పైపులు. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో మళ్లీ అదే తుప్పు, అదే అప్పు. కాబట్టి అసలు మాట చెబుతున్నాం. రెండంగుళాల పైపు ఒక్కటి పదహారు అరంగుళం పైపుల నోరంత ఉంటుంది. పెద్ద పైపులో రాపిడి తక్కువ కాబట్టి ఆ పదహారింటికంటే ఎక్కువ నీళ్లే మోస్తుంది. మెట్ల చివరిదాకా కాలవకు దూరంగా ఒక్క లైను లాగి, ప్రతి ఇంటికీ ఆరడుగుల ముక్క ఇస్తే సరిపోతుంది. పదిళ్లకు నీళ్లిచ్చే లైను ఇంటి పైపు ఎట్లా అవుతుంది? అది మెయిను. అది వేయాల్సింది ప్రభుత్వం. ఆ ఆరడుగులూ మనం వేసుకుంటాం, కాలనీ వాళ్లు వేసుకున్నట్టే.

డబ్బుల్లేవని చెబుతారు. జనాభా నిష్పత్తిలో మన వాటా మనకే ఖర్చు పెట్టాలని 2013లో సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నాం, 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. మన పేరు మీద రాసిన డబ్బు మన మెట్లెక్కదా అని అడగాలి. పట్టా లేదు, పన్ను రసీదు లేదు అంటారు. విరేచనాలు పట్టా చూసి రావు.

పల్లెల మిత్రులకు రెండు మాటలు. మీ లెక్క వేరే, కానీ రోగం అదే. నీళ్ల ట్యాంకు ఊళ్లో ఉంటుంది, లైను ఊరంతా తిరిగి ఆఖరికి పల్లెకొస్తుంది. కాలవ శివారు భూమికి నీళ్లు అందనట్టే లైను శివారు పల్లెకూ అందవు. ఆనకట్ట 1855లో కట్టారు, బ్యారేజీ 1957లో వచ్చింది, శివారు మాత్రం శివారుగానే ఉంది. వేసవిలో కాలవలు కట్టేశాక చెరువులో నిల్వ చేసిన నీళ్లే గతి. నాగాయలంక, కోడూరు వైపు నేలలో ఉప్పు ఎక్కువ, అక్కడ జీఐని భూమిలో పెట్టడమంటే డబ్బును ఉప్పులో పాతిపెట్టడమే. ప్లాస్టిక్కే వేయండి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ రాతలో మనిషికి రోజుకు 55 లీటర్లని ఉంది. కుళాయి బిగించి ఫొటో తీసుకుపోతే ఆ రాత తీరదు. ఎస్సీ, ఎస్టీలు సగానికి మించి ఉన్న గ్రామంలో ఊరి లోపలి పనులకు ప్రజల వాటా 5 శాతమే, మిగతాచోట్ల 10. మీ దగ్గర ఎంత వసూలు చేశారో రసీదులు తీసి చూసుకోండి. తాగే నీళ్లను ఎవరైనా కావాలని పాడుచేస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద అది నేరం. ఆ సంగతీ పల్లెలో అందరికీ తెలియాలి.

ఇప్పుడు పని పంచుకుందాం. వచ్చే ఆదివారం ప్రతి మెట్ల వరుసకూ ఇద్దరు ఆడవాళ్లు, ఒక కుర్రాడు. ఆడవాళ్లని ఎందుకంటున్నామంటే నీళ్లు ఎన్నింటికొస్తాయో, ఏ కుళాయి కంపు కొడుతుందో వాళ్లకే తెలుసు. మగవాళ్లం అంచనాలు చెబుతాం. టేపు పెట్టి మెయిను ఆగిన చోటు నుంచి ప్రతి ఇంటి గడప దాకా అడుగులు కొలవండి. రెండు గ్లాసుల పరీక్ష రాయండి. కాలవలో ఉన్న పైపులు లెక్కపెట్టండి. మన పేటల్లోనే ప్లంబింగు పని చేసే తమ్ముళ్లు ఉన్నారు, ఊరందరి ఇళ్లకూ పైపులు బిగించేది వాళ్లే. అంచనా వాళ్ల చేతే వేయిద్దాం. సోమవారం అర్జీల రోజున కలెక్టరు ఆఫీసుకు ఆ కాగితాలు తీసుకెళ్తాం. అర్జీ ఒక్కొక్కరు విడివిడిగా ఇవ్వొద్దు, మెట్ల వరుసకు ఒకటి, అందరి సంతకాలతో. రసీదు నంబరు తీసుకోకుండా కదలొద్దు.